మీటర్ ఆగిన బండి

ములుగు రోడ్డు మీద, బంకు దాటినంక ఎడమ చేతికి
మొగిలన్న షెడ్డు.
నా ఇండికా బానెట్ లేపి అడిగిండు:
"లోపలి బెల్ట్ మార్చి ఎన్ని వేలయింది?"

మీటర్ దిక్కు చూశిన.
డెబ్బై ఒక్క వేల నాలుగు వందల పద్దెనిమిది.
పరకాల కాడ కేబుల్ తెగినప్పటి సంది
నాలుగేండ్లుగ
ఆ పద్దెనిమిది మీదనే కూసున్నది అది.

"చప్పుడేం లేదు గదనే" అంటి.
మొగిలన్న నవ్వలేదు.
"మొత్తుకునేది ఫ్యాన్ బెల్ట్.
వాన పడ్డా కీసుమంటది, ఏసీ ఏశినా కీసుమంటది,
దాని బాధ వాడకట్టంత ఇంటది.
ఇది గట్ల కాదు.
నిన్న నడిశింది, ఇయ్యాల నడువది.
అరవై వేలకో, ఐదేండ్లకో
ఏది ముందొస్తే దానికి మనమే యాది చేసుకోవాలె."

"మీటరే లేదాయె?"
"నువ్వున్నవ్ గద. లెక్క వెట్టు."

షెడ్డు గోడకు ఒరిగి లెక్క వెట్టిన.
భూపాలపల్లి గని డ్యూటీ పదకొండు నెలలు,
పోను అరవై ఐదు, రాను అరవై ఐదు,
వెనక సీట్ల ముగ్గురు సార్ల గురక.
మేడారం జాతరలు రెండు.
తాడ్వాయి కాడ ఆరు గంటలు కదలలే,
కోడిపుంజు ఒకటి నా ఒళ్లెనే పండుకున్నది.
"నిలవడ్డా ఇంజన్ తిరిగితే కిలోమీటరే,
గంటకు నలభై రాసుకో" అన్నడు మొగిలన్న.

ఇంక నర్సంపేట ఓదెమ్మ.
వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకునుడు.
తీస్కచ్చుడు, దింపుడు, ఖాళీగ పోవుడు, ఖాళీగ వచ్చుడు,
నాలుగు నలభైలు.
"ఎన్ని వారాలు?"
దానికి వేళ్లు మడవలే నేను.
ముప్పై ఒకటి.
ముప్పై రెండో వారం ఫోన్ రాలే.

ఆఖరుసారి కావచ్చు, మంచు పడ్తాంది,
మూడుసార్లు తిప్పితే గాని బండి లేవలే.
"బిడ్డా, నీ బండికీ ఆయాసమే" అన్నది
దుప్పటి గదువ దాక గుంజుకొని.
నేను నవ్విన.

గిది చెప్తే మొగిలన్న పానా కింద వెట్టిండు.
"పన్ను ఒకటి జరిగితే గట్లనే లేస్తది.
ఆమెకు ఎరుకైంది, నీకు కాలే."

సాదిక్ టార్చి పట్టిండు. కవర్ ఊడింది.
నల్లగ మెరుస్తాంది బెల్ట్,
కొత్తగున్నదనుకున్న.
"మెరుపు కాదది, అరుగుడు."
రెండు బొటనవేళ్ల నడుమ ఎనకకు వంచిండు.
సన్నగ, అడ్డంగ పగుళ్లు,
ఎండకాలం నా మడిమెలు.
అంచు కొత్తవాడ జంపఖానా లెక్క
పోగులు లేశింది.
పంటి మొదట్ల గోరు వెడితే
గోరు లోపలికి పోయింది.

"మా బాపు మగ్గం మీద
పోగు తెగితే మగ్గం ఆపేటోడు,
ముడేసి మల్ల నేసేటోడు.
ఇది తెగితే ముడి లేదు.
జన్మల తాకొద్దన్న వాల్వూ పిస్టనూ
ఒకదాన్నొకటి గుద్దుకుంటయి.
నువ్వు జంగాలపల్లి అడవిల ఉంటవు,
రాత్రి పన్నెండయితది."

కొత్త బెల్ట్, టెన్షనర్, నీళ్ల పంపు.
అడగకుండనే మీటర్ కేబుల్ గూడ ఏశిండు.
కవర్ మీద తెల్ల పెయింట్ తోటి
తారీఖు రాశి, కింద నెంబరు రాశిండు:
డెబ్బై ఒక్క వేల నాలుగు వందల పద్దెనిమిది.
"అబద్ధమే గని, ఈడికెంచి నిజమైతది."

సెల్ఫ్ కొడితే ఒక్కసారికే లేశింది.
బంకు దాటిన, రైస్ మిల్లు దాటిన.
మీటర్ల పద్దెనిమిది మెల్లగ మీదికి జరిగి
సగం సగం కనవడి
పంతొమ్మిదయింది.

బండి పక్కకు ఆపిన.
ఊకెనే.
కొంచెంసేపైనంక యాదికొచ్చింది,
నిలవడ్డా కిలోమీటరే.
ఇంజన్ బంద్ చేశి
గట్లనే కూసున్న.